పడవకు ఊపిరాడనివ్వండి

(వేట నిషేధం మొదలవడానికి ముందు రోజు, ఏప్రిల్ 14 సాయంత్రం, కొత్తపట్నం పల్లెపాలెం ఇసుకలో జరిగిన సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న గ్రామ పెద్దలకు, ఒంగోలు నుంచి శ్రమ తీసుకొని వచ్చిన మత్స్యశాఖ అధికారులకు, ఉదయం అంబేడ్కర్ గారి పటానికి పూలమాల వేసి ఎండలో తిరిగి తిరిగి మళ్లీ ఈ షామియానా కిందికి చేరిన యువకులకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఇంకా కొందరి పేర్లు అధ్యక్షులవారు చీటీ మీద రాసిచ్చారు గానీ, పొద్దు వాలుతోంది. వారంతా ఏదో ఒక వరసలో నాకు బంధువులే కనుక మన్నిస్తారన్న ధైర్యంతో ఆ చీటీని జేబులో పెట్టుకుంటున్నాను.

నన్ను పిలిచింది వేట నిషేధం అవసరం గురించి నాలుగు మాటలు చెప్పమని. ఆ నాలుగు మాటలు మీకు నాకంటే బాగా తెలుసు. ఈ అర్ధరాత్రి నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో ఇంజను పెట్టిన బోటేదీ వేటకు వెళ్లకూడదు. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. చేప గుడ్లు పెట్టే కాలం కనుక ఈ విరామం. 2025 నుంచి నిషేధ కాలపు భృతి 20 వేల రూపాయలు చేశారు. దరఖాస్తుల సంగతి అధికారులు చెబుతారు. నేను చెప్పదలచింది వేరు. ఈ రెండు నెలలు సముద్రం విశ్రాంతి తీసుకుంటుందని అందరం అంటున్నాం. అదే రెండు నెలలు పడవ ఇసుక మీద రోళ్లు పగిలే ఎండలో నిలబడి ఉంటుంది. దాని మీద మనం ఏమి కప్పుతున్నాం, ఎలా కప్పుతున్నాం, కప్పిన తరువాత ఎన్నిసార్లు వెళ్లి చూస్తున్నాం అన్నదే ఈ సాయంత్రం నా విషయం.

మా నాన్న కాలంలో ఈ ప్రశ్నే లేదు. కట్టుమరం తాళ్లు విప్పితే దుంగలు ఇసుక మీద విడివిడిగా ఆరేవి. చెక్క నావ అయితే నాలుగు సరుగుడు వాసాలు పాతి, పైన తాటాకు పరిచి, నీడ చేసేవారు. వాన కొంత కారేది, ఎండ కొంత దిగేది, గాలి మాత్రం ఈ పక్క నుంచి ఆ పక్కకు ధారాళంగా పోయేది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత దాతలు, సంస్థలు ఇచ్చిన ఫైబర్ బోట్లు తీరమంతా వచ్చాయి. ఫైబర్ కుళ్లదు, దానికి పందిరెందుకు అనుకున్నాం. పందిరి పోయి నీలం పట్ట వచ్చింది. మెట్ట రైతులు బరకం అంటారు, లారీవాళ్లు టార్పాలిన్ అంటారు, మనం పట్ట అంటాం. పేరు ఏదైనా, అది వచ్చాక పడవకు నీడ వేయడం మానేసి దుప్పటి కప్పడం మొదలుపెట్టాం.

ఆ దుప్పటిని ఎంత బిగువుగా కప్పాలో మా తమ్ముడికి నేర్పినవాడిని నేనే. దాచిపెట్టి ప్రయోజనం లేదు.

2010లో మా తమ్ముడికి 28 అడుగుల ఫైబర్ బోటు ఉండేది. ఏప్రిల్‌లో నిషేధం మొదలైన రోజున నేను సెలవు పెట్టి మరీ వచ్చాను. పట్నంలో కొన్న మందపాటి లారీ పట్టను, పిల్లలకు పాఠం చెప్పినంత శ్రద్ధగా, ముందు కొస అణియం నుంచి వెనక కొస అమరం దాకా మద్దెల మీద తోలులా లాగి కట్టించాను. అంచుల చుట్టూ తాడు బిగించి, చీమ కూడా దూరదని గర్వంగా అన్నాను. ఉప్పునీటితో తడిసిన వల లోపలే ఉంది. ఇంజను కూడా బిగించే ఉంది. లోపలి నీరు బయటికి పోయే అడుగు బిరడా తీయలేదు, ఎందుకంటే వాన లోపలికి వస్తేగదా అని నా ధీమా. మా నాన్న చుట్ట కాలుస్తూ దూరం నుంచి చూశాడు. "ఒరే పెద్దోడా, దానికి ఊపిరాడాలిరా" అన్నాడు. ఫైబర్‌కు ఊపిరేమిటి నాన్నా అని నేను నవ్వాను.

మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మనకు రెండు రోజులు కుండపోత. మరునాడు ఉదయం ఒడ్డుకు వెళ్లి చూస్తే, బిగువుగా కట్టిన పట్ట నడుమ భాగంలో కుంగి చెరువులా అయింది. పల్లె పిల్లలు అందులో కాగితపు పడవలు వదులుతున్నారు. దాని కింద అడ్డపలక రెండుగా విరిగి ఉంది, ఎడమ అంచు మూరెడు మేర చీలింది.

ఆ లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా కట్టగలడు. చదరపు మీటరు మేర ఒక్క సెంటీమీటరు నీరు నిలిస్తే 10 లీటర్లు, అంటే 10 కిలోలు. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల గుంటలో సగటున 10 సెంటీమీటర్ల లోతు నీరుంటే 270 కిలోల పైమాటే. నలుగురు మగవాళ్లు ఒకే పలక మీద రాత్రంతా కూర్చున్నట్టు. పైగా కాస్త నీరు చేరగానే పట్ట సాగుతుంది, సాగితే గుంట లోతవుతుంది, లోతైతే ఇంకా నీరు చేరుతుంది. లెక్కలు చెప్పుకొని బతికినవాడికి ఈ లెక్క ముందు రాత్రి గుర్తు రాలేదు.

విరిగిన పలక కన్నా పట్ట విప్పినప్పుడు కనిపించినది నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. లోపలి నుంచి ఆవిరి ముఖానికి కొట్టింది. వల మీద నల్లని బూజు. బోల్టులన్నీ ఎర్రని తుప్పు, ఇంజను లోపలి తీగల కొసల మీద పచ్చని పొర. ఇంజను బిగించే వెనక పలక ఫైబర్ లోపల ప్లైవుడ్డే కదా, బోల్టు రంధ్రాల గుండా తేమ దిగి అది మెత్తబడిపోయింది. మేకు గుచ్చితే ముంజెలోకి దిగినట్టు దిగింది. ఇది వాన చేసిన పని అనుకునేరు. లైలాకు ముందు 35 రోజుల పాటు నా పట్టే చేసిన పని అది. గాలిలోని తేమను ఉప్పు పీల్చుకుంటుంది. పగలు ఎండకు ఆ తేమ ఆవిరవుతుంది, బయటికి పోయే దారి లేక రాత్రి చల్లబడి పట్ట అడుగున చెమటలా పట్టి మళ్లీ పడవలోకే కారుతుంది. మూత పెట్టిన అన్నపు గిన్నె లోపల నీటి చుక్కలు చూడని ఇల్లాలు ఈ సభలో ఎవరైనా ఉన్నారా? నాకు ఆ సంగతి పాఠ్యపుస్తకంలో ఉంది గానీ పడవ దగ్గర గుర్తు రాలేదు.

ఆ ఏడు నిషేధం మే 31తో ముగిసింది. జూన్ ఒకటో తేదీ తెల్లవారుజామున అన్ని బోట్లూ అలల్లోకి దిగుతుంటే మా తమ్ముడు పక్కవాళ్ల బోటులో కూలికి ఎక్కాడు. నాకు అదే రోజున జీతం పడింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే పదిహేనేళ్లు దాటినా ఈ సంగతి ఎక్కడ మైకు దొరికితే అక్కడ చెబుతున్నాను. విన్నవాళ్లు మళ్లీ విన్నందుకు మన్నించండి.

ఇక ఎంపిక సంగతి. దుకాణంలో మీరు మొదట అడగవలసింది ధర కాదు, బరువు. పట్ట మీద జీఎస్ఎం అని ఒక అంకె ఉంటుంది, అది చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే లెక్క. 90 లేదా 120 ఉన్న నీలం పట్ట ధాన్యపు రాశికి నాలుగు రోజులు కప్పడానికి సరిపోతుంది. రెండు నెలల ఎండకు, సముద్రపు గాలికి 200కు తగ్గవద్దు. రెండో ప్రశ్న, ఎండను తట్టుకునే మందు కలిపారా అన్నది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ దారాన్ని తునకలు చేస్తాయి. ఆ మందు కలపని పట్టను నలిపితే పొడి రాలుతుంది. అదే కిరణాలు ఫైబర్ పడవ పైపూతను కూడా తెల్లగా సుద్దలా మారుస్తాయి. మీ బోటు అంచు మీద చెయ్యి రాసి చూడండి, అరచేతికి తెల్లని పొడి అంటితే దానికి నీడ చాలలేదని అర్థం. మూడవది రంగు. ముదురు రంగు వేడిని పీలుస్తుంది, వెండి రంగో తెలుపో మేలు. నాలుగవది కళ్లు, అంటే తాడు దూర్చే వలయాలు. ఇనుపవైతే మన గాలికి ఒక్క సీజనులోనే తుప్పుపట్టి, పట్టను కొరుక్కుంటూ చీలుస్తాయి. ఇత్తడివో అల్యూమినియంవో చూసి కొనండి.

లారీ పట్ట, పీవీసీ పూసినది, గట్టిదే. నీరు చుక్క దిగదు. కానీ అది అసలు గాలి పీల్చదు, నేను మోసపోయింది దానితోనే. గుడారపు నూలు కాన్వాసు గాలి పీలుస్తుంది, తడిస్తే దారాలు ఉబ్బి సందులు మూసుకుంటాయి, అది దాని గొప్పతనం. తడిగా మడిచారో, వారంలో బూజుపట్టి చివుకుతుంది. పెద్ద ఊళ్ల విహార నౌకలకు వేసే అక్రిలిక్ గుడ్డ ఈ రెండు గుణాలూ కలిసినది, దాని ధర మన చర్చకు అందదు. వెనక నుంచి ఎవరో తమ్ముడు రొయ్యల హేచరీలో వేసే పచ్చని షేడ్ నెట్ సంగతి అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. అది నీడనిస్తుంది, గాలినిస్తుంది, వానను ఆపదు. బిరడా తీసి ఉంచితే వాన లోపల పడ్డా పోతుంది కనుక, డబ్బు తక్కువైనవాళ్లు బిగువైన పట్ట కన్నా వదులైన షేడ్ నెట్‌ను నమ్ముకోవడమే మంచిదని నా అభిప్రాయం. అధికారులు ఒప్పుకోకపోవచ్చు.

అయితే ఏ గుడ్డ కొన్నా, కట్టే తీరు చెడితే అంతా చెడినట్టే. పడవ నడుమ అణియం నుంచి అమరం దాకా సరుగుడు వాసం ఒకటి ఇంటి దూలంలా నిలబెట్టండి. అంచు కన్నా మూడడుగుల ఎత్తు ఉండాలి. దాని మీద పట్ట రెండు పక్కలకు చూరులా వాలాలి. ఏడడుగుల వెడల్పు బోటుకు ఒక్కో వాలు దాదాపు నాలుగున్నర అడుగులు, అంచు దాటి కిందికి అడుగున్నర. అంటే వెడల్పు 12 అడుగులకు తక్కువ కాకూడదు, 28 అడుగుల బోటుకు పొడవు 30 అడుగులు చాలు. దుకాణంలో చెప్పే కొలత అంచులు మడవక ముందుదేమో మీరే టేపు పెట్టి చూసుకోండి. రెండు కొసలూ తెరిచి ఉంచండి. ఆ తెరిచిన కొసలే మా నాన్న చెప్పిన ఊపిరి. వాసాన్ని మోసే గుంజలు పడవను తాకే చోట పాత చెప్పుల అడుగులు పెట్టండి, తాడు రాసుకునే చోట పాత వల ముక్క చుట్టండి. పట్టకూ పడవకూ మధ్య ఇసుక రేణువులు చేరితే గాలి ఊగించిన ప్రతిసారీ ఉప్పుకాగితం రుద్దినట్టే. కొందరు పట్ట అంచులకు రాళ్లు వేలాడదీస్తారు. అవి రాత్రంతా పడవ పక్కను మోదుతాయి. ఇసుక నింపిన సంచులు నేల మీద పెట్టి వాటికి తాడు కట్టండి.

కప్పే ముందు రోజు బావి నీటితో పడవ లోపలా బయటా కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. ఇంజను విప్పి మంచినీళ్లు తిప్పి ఇంటికి తీసుకుపోండి. వల వేరుగా ఆరబెట్టండి, పట్ట కింద ఉంచితే ఎలుకలకు ఇల్లు కట్టించినట్టే. కిరోసిన్, పెట్రోలు డబ్బాలు లోపల వదలవద్దు. ఆవిరి పట్ట కింద పేరుకుంటుంది, బీడీ వెలిగించుకొని పట్ట ఎత్తేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు. ఇసుక పోగు మీద అణియం ఎత్తుగా నిలిపి, అమరం వైపు బిరడా తీయండి.

కట్టాక వారానికి రెండుసార్లు వెళ్లి చూడండి. నైలాను తాడు తడిస్తే సాగుతుంది, వాన వెలిసిన గంటలోనే మళ్లీ బిగించాలి. కాకుల రెట్టలు ఎండక ముందే మంచినీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగాలి. కాన్వాసుకు బట్టల సోడా, బ్లీచింగ్ తగలనివ్వకండి, నీరు ఆపే పూత పోతుంది. నీలం పట్ట చిరిగితే గమ్ము పెట్టి ప్రయోజనం లేదు, ఆ ప్లాస్టిక్‌కు గమ్ము పట్టదు. రెండు వైపులా ముక్కలు వేసి కుట్టించండి. జూన్‌లో విప్పాక బాగా ఆరబెట్టి, ప్రతి ఏడూ ఒకే మడత మీద మడవకుండా చుట్టగా చుట్టి దాచండి. అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. బోటు పట్ట మీద దయచేసి ఎండుచేపలు ఆరబోయకండి. ఆ ఉప్పు, ఆ నూనె మళ్లీ పడవ మీదికే పోతాయి. నవ్వుతున్నారు, మా ఇంట్లోనే జరిగింది.

తుఫాను సంగతి చెప్పకుండా దిగితే తప్పు చేసినవాడినవుతాను. 1979 మేలో మన తీరాన్ని కొట్టిన తుఫాను ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మే నెల నిషేధ కాలం, అదే మనకు తుఫాను కాలం కూడా. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. అప్పుడు మీ పందిరి తెరచాప అయిపోతుంది, పడవను పట్టుకొని లేస్తుంది. రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని వినగానే పట్ట విప్పేయండి, వాసం దించేయండి, బోటును పైకి లాగి తాటిచెట్లకో లోతుగా పాతిన లంగరుకో కట్టండి. రెండు రోజులు పడవ తడిస్తే తడవనివ్వండి. లైలా నాడు మా పట్ట ఎగరలేదు, నిలిచి కుంగింది. ఆ పక్కనే ఇంకో పట్ట ఎగిరి బోటును బోర్లా వేసింది.

మా తమ్ముడి బోటు ఇక్కడి నుంచి మూడవది, వాసం ఇప్పటికే నిలబెట్టి ఉంది. పట్ట రేపు ఉదయం ఆరు గంటలకు కడతాం, చూడదలచినవారు రండి, చెయ్యి వేయదలచినవారు మరీ రండి. అధికారులు దరఖాస్తుల గురించి చెప్పేలోపు వెలుతురు ఇంకా ఉంటుంది కనుక, ప్రతి ఇంటి నుంచి ఒకరు లేచి తమ పడవ బిరడా తీసి ఉందో లేదో చూసుకొని రండి. మైకు వారికి ఇస్తున్నాను.