చెప్పిన మాట ఏమవుతుంది?

అందరికీ నమస్కారం.

పెళ్లిచూపుల్లో జీతం, చదువు, గోత్రం పెద్దలే మాట్లాడేసుకుంటారు. మిగిలినదంతా నిశ్చితార్థం తర్వాత రాత్రిపూట ఫోన్ మాటలకు వదిలేస్తారు. ప్రేమించుకున్న వాళ్లకైనా, పెద్దలు కుదిర్చిన వాళ్లకైనా అక్కడే టెన్షన్ మొదలవుతుంది. నా గురించి ఎంత చెప్పాలి? పాత ప్రేమ గురించి చెప్పాలా? నాన్న చేసిన అప్పులో? డిప్రెషన్‌కు మందులు వాడిన సంగతో?

1997లో ఆర్థర్ ఆరన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో చేసిన ప్రయోగం ఒకటుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. మొదటివి తేలికైనవి, ఎవరితో కలిసి భోజనం చేయాలనుంది వంటివి. పోనుపోను లోతుకు వెళతాయి, చివరిసారి ఎప్పుడు ఏడ్చారు అన్నదాకా. సుమారు 45 నిమిషాల తర్వాత చూస్తే, పైపై కబుర్లు చెప్పుకున్న జంటల కంటే వీళ్లు ఒకరికొకరు దగ్గరయ్యారు. ఇందులో నాకు ముఖ్యంగా తోచింది ఇద్దరూ వంతులవారీగా చెప్పుకోవడం. ప్రతి ప్రశ్నకూ ఇద్దరూ జవాబు చెప్పాలి. ఒకరే చెబుతూ రెండోవారు ఊకొడుతూ కూర్చుంటే అది ఇంటర్వ్యూ అవుతుంది. అయితే అలా పుట్టిన దగ్గరితనం విశ్వాసపాత్రత, కట్టుబాటు లాంటివి తెచ్చేస్తుందనుకోలేమని ఆ పరిశోధకులే రాశారు.

మరి నమ్మకం ఎక్కడ పుడుతుంది? చెప్పినదాన్ని అవతలివాళ్లు ఎలా తీసుకున్నారన్న దగ్గర. దగ్గరితనం గురించి హ్యారీ రైస్, ఫిలిప్ షేవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1988లోనే ఈ మాట చెప్పారు. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి కొట్టేవాడని ఒక అమ్మాయి చెప్పిందనుకోండి. "అందరిళ్లలో ఉండేదేలే, ఇప్పుడెందుకవన్నీ" అని కాబోయే భర్త అన్నాడంటే ఆ అమ్మాయి ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తదు. సంతోషాలకూ ఇదే వర్తిస్తుంది. ప్రమోషన్ వచ్చిందని ఫోన్ చేస్తే "సరే, వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా" అనిపించుకున్న మనిషి తర్వాతి కబురు ముందుగా స్నేహితులకే చెబుతాడు. షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో 2006లో ప్రేమ జంటలపై చేసిన పరిశోధనలో, చెడు వార్తకు వచ్చే స్పందన కంటే మంచి వార్తకు వచ్చే స్పందనే బంధం బాగోగులతో ఎక్కువగా ముడిపడి కనిపించింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. నమ్మి చెప్పిన ఆ కొట్టిన నాన్న కథే మూడేళ్ల తర్వాత గొడవలో "మీ నాన్న బుద్ధులే నీకూ వచ్చాయి" అని తిరిగొస్తుంది. లేదా అత్తగారి చెవిన పడి, ఆడపడుచుల దాకా వెళ్లి, ఏదో శుభకార్యంలో ఎవరి నోటనో వినబడుతుంది. మన ఇళ్లలో భార్యాభర్తల మాట ఇద్దరి మధ్యే ఉండిపోవడం కష్టం. అందుకే, ఒక రహస్యం వినగానే "ఇది ఎవరికైనా చెప్పొచ్చా?" అని అడిగి తెలుసుకోమంటాను. అడగడానికి మొహమాటపడొద్దు.

"ప్రేముంటే పాస్‌వర్డ్ ఇవ్వు" అనే ధోరణిని నేను ఒప్పుకోను. పాస్‌వర్డ్, లైవ్ లొకేషన్ అడిగి తీసుకోవడం నిఘా. తనంతట తాను చెప్పుకునే అవకాశాన్నే అది మనిషి నుంచి లాగేసుకుంటుంది.

అలాగని అన్నీ దాచుకోవడమూ సరికాదు. అవతలివాళ్ల నిర్ణయాన్ని మార్చగలిగేవి, అంటే తీవ్రమైన జబ్బు, పెద్ద అప్పులు, ముందు జరిగిన పెళ్లి, ముహూర్తానికి ముందే చెప్పి తీరాలి. ముఖ్యమైన వాస్తవం విషయంలో మోసం చేసి ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లే వీలు 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది.

ఇక పాత ప్రేమ సంగతి. ఉండేదని, ముగిసిందని చెప్పండి. అంతకుమించి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. ఆ మనిషి పేరు, ఫొటోలు, మెసేజ్‌లు మాత్రం ఎంత బతిమాలినా చూపించకండి. మిమ్మల్ని నమ్మి పంపినవి అవి, ఇంకొకరికి చూపే హక్కు మీకు లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.