రాశి మీద బూడిద గీత

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు, విజయవాడల మధ్య ముప్పై ఏళ్లు కంపైలర్ పాఠం చెప్పాను. కంపైలర్ అంటే అనువాదకుడు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చి పెడుతుంది. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957లోనే ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రాము భాషకు కంపైలర్ కూడా వచ్చింది. ఆ చరిత్రంతా చెప్పే వ్యవధి లేదు. నాకు బాగా ఇష్టమైన ఒక్క సంగతి చెబుతాను: కంపైలర్ ప్రోగ్రాముకు ఎలా కాపలా కాస్తుందో. ముందు మా కళ్లంలో కాపలా కథ.

మాది తెనాలి దగ్గర పల్లె. నూర్పిడి అయ్యాక ధాన్యం కళ్లంలో రాశి పోసి, ఇంటికి వచ్చే ముందు మా నాన్న దాని చుట్టూ బూడిదతో గీతలు గీసేవారు. నేను లాంతరు పట్టుకునేవాణ్ని. రాశిలోంచి నాలుగు చేటలు తీసినా గింజలు జారతాయి, గీత చెదురుతుంది. తెల్లవారి కొలతకు ముందు ఆయన చూసేది గీతనే. ఒక ఏడు గీత చెక్కుచెదరలేదు, ధాన్యం మాత్రం తగ్గింది. రోజూ ఒకే గుర్తు కాబట్టి ఎవరో తీసుకుని, మళ్లీ అలాగే గీసి పోయారు. మర్నాటి నుంచి నాన్న ఏ రాత్రి గుర్తు ఆ రాత్రికే కొత్తగా గీసేవారు. నాకు కూడా ముందు చెప్పేవారు కారు.

ఇక కంప్యూటర్ సంగతి. ప్రోగ్రాములో ఒక పని మొదలయ్యేటప్పుడు యంత్రం ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది: పని అయ్యాక ఫలానా చోటికి తిరిగి వెళ్లాలి అని. ఆ చీటీకి దగ్గరలోనే, బయటి నుంచి వచ్చే సమాచారం పోసుకోవడానికి ఒక గాదె ఉంటుంది. 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్‌లోకి వదిలాడు. అది పట్టిన దారుల్లో ఒకటి ఇది: 512 బైట్లు పట్టే గాదెలో 536 పోసింది. పొర్లినవి చీటీ మీద పడ్డాయి. చీటీ మారింది. యంత్రం దొంగ చెప్పిన చోటికి వెళ్లింది. వేల కంప్యూటర్లు స్తంభించాయి. మోరిస్‌కు శిక్ష పడింది; తరువాత ఆయనే ఎం.ఐ.టి. అనే అమెరికా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

దీనికి ఒక మంచి విరుగుడు 1998లో స్టాక్‌గార్డ్ అనే పేరుతో వచ్చింది. కంపైలరే గాదెకూ చీటీకీ మధ్య ఒక అంకె ఉంచుతుంది. చీటీ చదివే ముందు ఆ అంకె చెదిరిందా అని చూస్తుంది. చెదిరితే ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. ఇప్పుడు సాధారణంగా ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ ఆ అంకె కొత్తగా పుడుతుంది. ఏ రాత్రి గుర్తు ఆ రాత్రికే! బొగ్గు గనుల్లో విషవాయువును ముందుగా పసిగట్టే పిట్ట పేరు మీద దానిని కెనరీ అంటారు. నాకు మాత్రం అది బూడిద గీతే.

ల్యాబులో ఒక అమ్మాయి, “నా ప్రోగ్రాము చచ్చిపోయింది సార్” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చూస్తే గీత చెదిరింది. “చచ్చిపోలేదమ్మా, దొంగకు తలుపు తీయకుండా ఆగింది” అన్నాను. పేరు అడిగి తెచ్చుకునే గాదె ఇరవై అక్షరాలకే కట్టింది. తాతగారి పేరుతో కలిపి తన పూర్తి పేరు ఇరవై ఏడు.

ఇందులో మీ చేతిలో ఉన్న పని ఒకటి ఉంది. గీత గీసేది కంపైలర్. గాదె సరిచేసేది మనిషి. ప్రోగ్రామును సరిచేసి, మళ్లీ కంపైల్ చేసి మీకు పంపితేనే ఆ గీతా ఆ మరమ్మతూ మీ ఫోనుకు చేరతాయి. ఆ పంపడాన్నే అప్‌డేట్ అంటారు. 2017 మేలో వానాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచాన్ని కుదిపింది. అదీ గాదె పొర్లించే పద్ధతే. దాని మరమ్మతు మార్చిలోనే వచ్చింది. వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

అప్‌డేట్ అడిగితే చాలామంది “తరువాత” అని నొక్కుతారు. మా ఇంట్లో కూడా అంతే. ఈ రాత్రి ఫోను చార్జింగులో పెట్టేటప్పుడు ఒక్కసారి సెట్టింగులు తెరిచి చూడండి. అప్‌డేట్ వచ్చి ఉంటే వేసుకోండి. మీ అమ్మగారి ఫోను కూడా చూడండి. సందేశంలో వచ్చిన లంకె నొక్కి కాదు, సెట్టింగుల్లోకి వెళ్లి.

నమస్కారం.