షెల్టర్‌కి పార్కింగ్ ఎందుకండీ?

అందరికీ నమస్కారం. టౌన్ ప్లానింగ్ వాళ్ళు, ఇంజనీర్లు ఎక్కువమంది ఉన్న సభ కాబట్టి నేరుగా విషయంలోకే వస్తాను. నేను మాట్లాడేది మన విజయవాడలో ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే షెల్టర్ల గురించి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు స్కూళ్ళు, కళ్యాణ మండపాలు పునరావాస కేంద్రాలయ్యాయి. ల్యాండ్ యూజ్, అంటే స్థలాన్ని దేనికి వాడాలన్న అనుమతి, మార్చారా, సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ ఉండాల్సిన ఖాళీ, వదిలారా అని ఆ రాత్రి అడిగినవాళ్ళు లేరు. అడగకూడదు కూడా. 2016 కృష్ణా పుష్కరాలకి యాత్రికుల కోసం పుష్కర నగర్‌లే వేశాం. తలుచుకుంటే తాత్కాలిక వసతి మనకి చేతకాని పనేం కాదు. బస్టాండు బయట ఏడాది పొడవునా పడుకునేవాడి దగ్గరికి వచ్చేసరికే రూల్సన్నీ గుర్తొస్తాయి.

పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలని, ఏడాదంతా 24 గంటలూ తెరిచే ఉంచాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనాభా లెక్కల నాటికే విజయవాడ 10 లక్షలు దాటింది. అంటే తక్కువలో తక్కువ పది కావాలి. పట్టణాల్లో ఇల్లు లేనివాళ్ళ షెల్టర్ల కోసం కేంద్రం పెట్టిన పథకం మార్గదర్శకాల్లో మనిషికి 50 చదరపు అడుగులు, ఒక్కో షెల్టర్లో కనీసం 50 మంది అని పెట్టారు. లెక్క కడితే 2,500 చదరపు అడుగులు. వాడకంలో లేని కమ్యూనిటీ హాలు ఒకటి చాలు. కానీ దాన్ని షెల్టర్‌గా మార్చాలంటే ఫైలు టేబుళ్ళు మారుతూ తిరుగుతుంది, అందులో పార్కింగ్ ఎక్కడ చూపించారన్న ప్రశ్న కూడా ఉంటుంది. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర చెప్పులు తలకింద పెట్టుకుని అరుగు మీద పడుకునే ముఠా కూలీకి కారు పార్కింగ్ ఎందుకండీ?

కాలిఫోర్నియాలో నగరాలకి ఒక వెసులుబాటు ఉంది. ‘షెల్టర్ సంక్షోభం’ అని ప్రకటిస్తే, తమ చేతిలోని స్థలాల్లో అత్యవసర వసతికి అడ్డొచ్చే నిర్మాణ నిబంధనల్ని ఆ మేరకు పక్కన పెట్టొచ్చు. మనకీ అలాంటిది కావాలి. వరద వస్తే తప్ప కదలని యంత్రాంగం మామూలు రోజుల్లో కూడా కదలాలంటే, చేతిలో ఒక కాగితం ఉండాలి కదా.

అయితే ఏ రూలు సడలిస్తున్నామో చూసుకోవాలి. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున ఈ ఊళ్ళోనే, కోవిడ్ కేర్ సెంటర్‌గా వాడుతున్న ఒక హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. అదీ అత్యవసరమని పెట్టిన వసతే. అందుకే పార్కింగ్, సెట్‌బ్యాక్, ల్యాండ్ యూజ్ వదిలేయండి, నాకేం అభ్యంతరం లేదు. రెండో ద్వారం, వైరింగ్, కిటికీలు, ఆడవాళ్ళకి లోపల గడియ పడే విడి మరుగుదొడ్డి, వీటిలో ఒక్కటి కూడా వదలడానికి వీల్లేదు.

ఇంకో సడలింపు బిల్డింగుకి సంబంధించింది కాదు. గుమ్మంలోనే ఆధార్ అడిగితే సంచితో పాటు కాగితాలన్నీ పోగొట్టుకున్నవాడు వెనక్కి తిరిగి మళ్ళీ ఫ్లైఓవర్ కిందకే పోతాడు. పేరు రాసుకోండి, చాలు. పొద్దున్నే అందర్నీ ఖాళీ చేయించే పద్ధతి కూడా పోవాలి. రాత్రంతా లారీల్లో సరుకు దించేవాడికి నిద్ర పగలే. మన బెజవాడ మే నెల ఎండలో అతన్ని ఎక్కడ పడుకోమంటారు?

నేను కోరేది ఒక చిన్న కౌన్సిల్ తీర్మానం. గడువు మూడేళ్ళు పెట్టండి, కార్పొరేషన్ భవనాలకే పరిమితం చేయండి. మొదటి మనిషి చాప పరిచేలోపు ఫైర్ అధికారి వచ్చి చూసి సంతకం పెట్టాలని అందులో రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు ఇంజనీరు గార్లు.