చిన్న పీహెచ్‌పీ సైట్‌కి మూడు ఫోల్డర్లు చాలు

నమస్కారం అండీ. ఆమధ్య ఒక ఫంక్షన్ హాల్ వాళ్ల సైట్ నా దగ్గరికి వచ్చింది. "రాత్రి దాకా బాగానే ఉందండీ, పొద్దున చూస్తే తెల్ల పేజీ" అన్నారు ఓనర్ గారు. పెళ్లిళ్ల సీజన్ కదా, ఆయన టెన్షన్ ఆయనది.

హోస్టింగ్‌లో పీహెచ్‌పీ (సర్వర్ మీద పేజీలు తయారు చేసే ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ 5.6 నుంచి 8కి మారింది. సైట్‌లో 14 పేజీలుంటే, పద్నాలుగింట్లోనూ మొదట డేటాబేస్‌కి కలిపే మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే పాత ఫంక్షనే. అది వాడొద్దని 2013లో 5.5 వచ్చినప్పుడే చెప్పారు, 2015 డిసెంబర్‌లో 7.0తో పూర్తిగా తీసేశారు. ఒక్క చోట రాసి ఉంటే ఐదు నిమిషాల పని. పద్నాలుగు చోట్ల ఉండేసరికి రెండు రోజులు పట్టింది.

బుకింగ్స్ పేజీ తెరిచాను. పైన కనెక్షన్, కింద క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న), ఆ వెంటనే టేబుల్ ట్యాగ్, టేబుల్ లోపల వరసకొకసారి ఇంకో క్వెరీ. యూఆర్ఎల్‌లో వచ్చిన తేదీని అలాగే తెచ్చి క్వెరీలో అతికించేశారు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి, అంటే బయటివాళ్లు క్వెరీలో తమ ఆదేశాలు దూర్చడానికి, తలుపు తీసి పెట్టినట్టే.

ఇంతకంటే నన్ను భయపెట్టింది ఇంకోటుంది. కాన్ఫిగ్ ఫైల్ పక్కనే దాని పాత కాపీ, పేరు చివర 'డాట్ బ్యాక్'. చివర పీహెచ్‌పీ అని లేదు కాబట్టి సర్వర్ దాన్ని నడపలేదు, ఉన్నదున్నట్టు పంపేసింది. బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టగానే డేటాబేస్ పాస్‌వర్డ్ తెర మీదికొచ్చింది!

అందుకే ముందు పబ్లిక్ అనే ఫోల్డర్ పెట్టాను. అందులో ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ, సీఎస్ఎస్, ఫొటోలు, అంతే. డాక్యుమెంట్ రూట్ (సర్వర్ బయటికి చూపించే ఫోల్డర్) దానికే చూపించాను. మిగతాదంతా బయట ఉంటుంది, బ్రౌజర్‌కి అందదు. రెండోది సోర్స్. ఎస్‌క్యూఎల్ అంతా ఇక్కడే, పీడీఓ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతో, అంటే వచ్చిన విలువని క్వెరీలో అతికించకుండా విడిగా పంపే పద్ధతిలో. 'ఈ తేదీకి హాల్ ఖాళీయా' అనే ప్రశ్నకి ఒకే ఒక్క ఫంక్షన్. మూడోది టెంప్లేట్స్. అక్కడ హెచ్‌టీఎంఎల్ తప్ప క్వెరీ కనబడకూడదు. పేరైనా ఫోన్ నంబరైనా హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ (కోడ్‌లా పనిచేసే గుర్తుల్ని మామూలు అక్షరాలుగా చూపించే ఫంక్షన్) దాటాకే తెర మీదికి రావాలి.

లారవెల్ (పీహెచ్‌పీ సైట్లకి రెడీమేడ్ చట్రం) పెట్టొచ్చు కదా అంటారు. మంచి ఫ్రేమ్‌వర్కే, నేనూ వాడతాను. కానీ 14 పేజీల సైట్‌కి దాని అప్‌డేట్లు ఏటా చూసుకునే మనిషి ఆ హాల్‌లో లేరు. కంపోజర్ అనే టూల్‌తో ఆటోలోడ్ (కావలసిన ఫైళ్లు వాటంతటవే లోడయ్యే ఏర్పాటు) పెట్టుకుంటే ఇక్కడికి సరిపోతుంది.

ఇంకో మాట, అన్ని పేజీలూ ఒకేసారి తిరగరాయకండి. తెల్ల పేజీ పోగొట్టడానికి ముందు కనెక్షన్ ఒక్కటే మార్చాను. ఆ తర్వాత బుకింగ్స్ పేజీ సర్ది, వారం నడిపి చూశాకే రెండో పేజీ ముట్టుకున్నాను.

పోయిన వారం ఓనర్ గారు ఫోన్ చేసి, అడ్వాన్స్ ఎంత కట్టారో కూడా లిస్టులో కనబడాలన్నారు. సోర్స్‌లో ఒక క్వెరీ, టెంప్లేట్‌లో ఒక కాలమ్. ఆయన లైన్‌లో ఉండగానే అయిపోయింది.