బొండాం మానేసి నూక ఉప్మా

అందరికీ నమస్కారమండి. మైకు ఇచ్చారు గానీ నాకు వచ్చింది వంటే. మా ఆయనకి కిడ్నీలు దెబ్బతిన్నాక ఆరేళ్లుగా పొద్దున్న టిఫినేం చేస్తున్నానో అదే చెబుతాను.

అంబాజీపేట కొబ్బరికీ రావులపాలెం అరటికీ మధ్య పెరిగినవాళ్లం. ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా బొండాం కొట్టించి ఇస్తాం, చక్కరకేళి వలిచి పెడతాం. మా అత్తగారూ అదే చేశారు, రోజుకి రెండు బొండాలు. నెల తిరిగేసరికి ఆయన రక్తంలో పొటాషియం 6 దాటింది. 5 దగ్గర ఆగాలండి అది. డాక్టరుగారు నన్ను కేకలేశారు, నేను అత్తగారిని అనలేను కదా! గ్లాసు బొండాం నీళ్లలో 600 మిల్లీగ్రాముల దాకా ఉంటుందిట. పాడైన కిడ్నీ దాన్ని బయటికి తోయలేదు. మితిమీరితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందు ఏ సూచనా లేకుండానే.

ఇక ఉప్మా. మనిషికి అర గ్లాసు వరినూక. లేత ఆనపకాయ చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, బోలెడు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తాను. మొదట్లో చెయ్యి రాలేదు, సారమంతా పోతోందని. పొటాషియం దిగేది ఆ నీళ్లలోకే మరి. చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక ముక్కలు వేసి, గ్లాసు నీళ్లు పోసి, తెర్లాక నూక పోసి మూత పెట్టేయడమే. పావుగంట పని. పెసరపప్పు మనం గుప్పెడు వేస్తాం, ఆయనకి చెంచాడే. ఉప్పు చిటికెడు. దించాక నిమ్మచెక్క పిండితే చప్పదనం తెలీదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ బద్దా, అప్పడమూ అందులో లెక్కేనండోయ్. సోడియం తక్కువని అమ్మే ఉప్పు ప్యాకెట్ల జోలికి మాత్రం పోకండి. చాలావాటిలో బదులుగా కలిపేది పొటాషియమే. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకి మాంసకృత్తులు ఎక్కువ కావాలి, పక్కన ఉడికించిన గుడ్డు తెల్లసొన పెట్టొచ్చు. అంతదాకా రానివాళ్లకి కొలత వేరు. మీ రిపోర్టు చూసిన డాక్టరు చెప్పిందే వినండి, నా మాట కాదు.

మా అత్తగారికి ఇప్పటికీ చేతులూరుకోవు. పొద్దున్నే నిమ్మకాయ కోసి కొడుకు కంచం పక్కన పెడతారు. బొండాం ఆవిడే తాగుతారు, కొడుక్కి కనబడకుండా పెరట్లో నిలబడి.