గాలిమర సరే, టవర్ సంగతేంటి?

అందరికీ నమస్కారం. అనంతపురం వాళ్లకు గాలి గురించి చెప్పాల్సిన పని లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు 1990లలోనే లేచాయి. ఆషాఢం గాలి చూశాక ఇంటికో చిన్నది పెట్టుకుందామని అనిపించడం సహజమే. అలా అనుకున్నవాళ్లు మొదట అడిగేది "ఎన్ని కిలోవాట్లు?" అని. నేను అడిగేది "ఎంత ఎత్తు?" అని.

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. బయలు నేలలో కూడా 10 మీటర్ల ఎత్తు నుంచి 20కి వెళ్తే వేగం సుమారు పదో వంతు, శక్తి మూడో వంతు పెరుగుతాయి. చుట్టూ 150 మీటర్ల లోపు ఉన్న చెట్టూ ఇల్లూ ట్యాంకుల్లో ఏది ఎత్తయితే దానికన్నా రెక్కల కింది కొస కనీసం 10 మీటర్లు పైన ఉండాలి. మీ వేపచెట్టు 8 మీటర్లు, రెక్క మీటరున్నర అనుకుంటే టవర్ 20 మీటర్లకు తేలుతుంది. ఆ వేపచెట్టు ఇంకా పెరుగుతుంది కూడా. మేడ మీద పైపు పాతి బిగిస్తామంటే నేను ఒప్పుకోను. అక్కడ గాలి సుడులు తిరుగుతుంది, వణుకు గోడల్లోకి దిగుతుంది.

20 మీటర్ల టవర్ పడకుండా పక్కలకు లాగి నేలలో బిగించే తీగలకు, అంటే స్టే వైర్లకు, చుట్టూ పది, పదిహేను మీటర్ల జాగా కావాలి. ఊళ్లో ఇంటి స్థలంలో అంత ఎక్కడుంది? పక్కవాళ్ల స్థలంలో వైరు పాతితే గొడవ. అప్పుడు సెల్ టవర్ లాగా తన కాళ్ల మీద తాను నిలబడేదే గతి. దానికి ఇనుమూ ఎక్కువే, కాంక్రీటూ ఎక్కువే.

అసలు లెక్క నేల కింద ఉంది. పెనుగాలి మరను 200 కిలోల బలంతో నెట్టిందనుకుందాం. 20 మీటర్ల ఎత్తులో ఆ నెట్టుడు పునాది దగ్గర 4 టన్ను-మీటర్ల (బలాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చేది) పడదోసే బలమవుతుంది. పునాది 2 మీటర్ల చదరమైతే నడిమి నుంచి అంచుకు ఒక మీటరే, కాబట్టి దాన్ని ఆపడానికే 4 టన్నుల బరువు కావాలి. ఒకటిన్నర రెట్ల భద్రత చూస్తే 6 టన్నులు. అదే 3 మీటర్ల చదరం చేస్తే ఆ దూరం మీటరున్నర అవుతుంది, అంతే భద్రతకు 4 టన్నులతో సరిపోతుంది, అందులో పైన కప్పిన మట్టి బరువూ కలిసొస్తుంది. అందుకే లోతుకన్నా ముందు వెడల్పు చూడమంటాను. టవర్ మీద పడే గాలిని ఇందులో కలపలేదు, కాబట్టి అసలు అంకె ఇంకా పెద్దదే. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ మట్టి పరీక్ష లేకుండా గుంత తవ్వకండి.

ఊరు మారితే లెక్కా మారుతుంది. కట్టడాల మీద పడే గాలి లాంటి భారాల లెక్కకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం డిజైన్‌కు తీసుకునే మూల గాలి వేగం కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విశాఖకు 50. చదరపు మీటరు మీద ఒత్తిడిగా చూస్తే కర్నూల్లో సుమారు 93 కిలోలు, విశాఖలో 150 పైన. 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకు ఆ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. కర్నూలు కోసం గీసిన డ్రాయింగ్ భీమిలిలో పనికిరాదు.

రకం ఎంచుకోవడం దీని ముందు చిన్న విషయం. మూడు కాళ్ల జాలీ టవర్ ముక్కలుగా ట్రాక్టర్‌లో వస్తుంది, క్రేన్ రాని సందులోనూ ఒక్కో ముక్కా ఎక్కించుకోవచ్చు. కానీ బోల్టులు ఏటా బిగించి చూడాలి. ఒంటి స్తంభం చూపుకు బాగుంటుంది, జాగా తక్కువ తీసుకుంటుంది, కానీ క్రేన్ తప్పదు. పైగా స్తంభం సహజంగా ఊగే వేగమూ మర తిరిగే వేగమూ కలిస్తే ఊపు పెరిగిపోతుంది. అందుకే మర తయారీదారు ఒప్పుకున్న టవరే కొనండి. పాత సెల్ టవర్ చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్లకూ ఇదే మాట. యాంటెన్నా తిరగదు, మర తిరుగుతుంది.

పునాది బోల్టులు కాంక్రీటు పోయకముందే టెంప్లేట్‌లో, అంటే వాటిని కదలకుండా పట్టే అచ్చులో, బిగించాలి. ఒక్కటి వేలెడు పక్కకు జరిగినా టవర్ కూర్చోదు. పోశాక 28 రోజులు ఆగండి. ముహూర్తం ఉందని మేస్త్రీని తొందరపెట్టకండి. కావాలంటే కొబ్బరికాయ ముందే కొట్టుకోండి.

ఇంత చెప్పి చివర్లో నా గిరాకీ నేనే చెడగొట్టుకుంటున్నాను. మీ ఇల్లు ఊరి బయట రెండెకరాల మెట్టలో ఉంటే తన కాళ్ల మీద తాను నిలబడే ఈ టవర్ మీకు వద్దు. స్టే వైర్ల టవర్ వేసుకుని, మిగిలిన డబ్బుతో ఇంకో 6 మీటర్లు పైకి వెళ్లండి. ట్రాక్టర్ తగలకుండా వైర్లకు పసుపు రంగు గొట్టాలు తొడగండి, చాలు.