పాత ఫ్లాపీ కంట్రోలర్ కార్డు రివ్యూ: కేబుల్ పీకేసినా 'చేరుకున్యా' అంటాది!

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి మళ్లీ మనమే. ఈరోజు టేబుల్ మీద ఉండేది కొత్త ఫోనూ కాదు, ఇయర్‌బడ్సూ కాదు. ఐఎస్‌ఏ అనే పాతకాలం పీసీ స్లాట్‌లో కూర్చునే పాత ఫ్లాపీ కంట్రోలర్ కార్డు, అంటే ఫ్లాపీ డ్రైవ్‌ను నడిపించే కార్డు. క్లాక్ టవర్ అవతల గుజిరీ అంగట్లో దొరికింది. రేయ్, కెమెరా కొంచెం కిందికి దించప్పా, చిప్ మీద అక్షరాలు కనపడల్ల. ఆ, సరిపోయింది. ఇంటెల్ 8272ఏ. 40 కాళ్ల చిప్పు.

అసలు డిజైన్ ఎన్ఈసీ వాళ్ల 765. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ ఫ్లాపీ కార్డులో ఉండేది అదే. ఇంటెల్‌ది దాని లాంటిదే, కమాండ్లన్నీ అవే.

దీన్ని డాస్ ఉండే పాత మిషన్లో పెట్టినా. డ్రైవరూ లేదు, వేరే సాఫ్ట్‌వేరూ లేదు, డాస్‌తోనే వచ్చే డీబగ్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. అందులో ఓ కొడితే పోర్టుకు బైటు పోతాది, ఐ కొడితే పోర్టు నుంచి వస్తాది. పోర్టంటే చిప్‌తో మాట్లాడే కిటికీ అనుకోండి. మనకు మూడు పోర్టులతోనే పని. పోర్టు నెంబర్లు, పంపే బైట్లు, వచ్చే బైట్లు అన్నీ హెక్స్‌లో, అంటే 16 లెక్కలో. 3ఎఫ్2లో మోటార్, ఏ డ్రైవ్ అనేది. 3ఎఫ్4లో చిప్ పరిస్థితి ఎట్లుండాదో తెలుస్తాది. 3ఎఫ్5లో అసలు మాటలు.

ముందు 3ఎఫ్2కు 1సి పంపిస్తాండా. వింటాండారా? మోటార్ తిరుగుతాంది. ఇప్పుడు 3ఎఫ్4 చదివితే 80 వచ్చింది. అంటే 'నేను ఖాళీ, చెప్పు' అని. దీనికి ఎప్పుడంటే అప్పుడు బైట్లు తోస్తే కుదరదు. బైటు బైటుకూ ఈ పోర్టు చూసుకోవల్ల. పై బిట్టు రెడీనా కాదా చెప్తాది, దాని కింది బిట్టు ఎవరు మాట్లాడే వంతో చెప్తాది.

ఇప్పుడు సీక్, అంటే హెడ్డును జరిపే కమాండ్. 0ఎఫ్, 00, 28. సున్నా డ్రైవ్ హెడ్డును 40వ ట్రాక్‌కు, అంటే డిస్కు మీద 40వ నెంబర్ చుట్టుకు పంపించు అని. హెక్స్ 28 అంటే మన లెక్కలో 40. గర్‌ర్‌మనింది చూడండి, పోయింది. కానీ చిప్ ఏమీ చెప్పల్యా! చదవడం, రాయడం అయితే పనైనాక ఏడు బైట్ల జవాబు ఇస్తాది. సీక్‌కు మాత్రం ఉత్త ఇంటరప్ట్, అంటే ప్రాసెసర్‌కు 'పనైంది' అని ఒక సైగ, కొట్టి ఊరుకుంటాది. ఏమైందని మనమే 08 పంపించి అడగల్ల. పంపినాక 3ఎఫ్4 చదివితే డీ0. అంటే 'ఇప్పుడు నా వంతు, తీసుకో' అని. తీసుకుంటే 20, తర్వాత 28. సీక్ ముగిసింది, 40లో ఉండానంటాంది. ఆ రెండు బైట్లూ తీసుకోకుండా ఇంకో కమాండ్ ఇస్తే పట్టించుకోదు.

ఇంతవరకూ ఎవరైనా మెచ్చుకుంటారు. ఇప్పుడు చూడండి.

మిషన్ ఆపేసి 34 పిన్నుల కేబుల్ పీకేసినా. మళ్లీ ఆన్ చేస్తే బయాస్ ఫ్లాపీ లేదని గొడవ చేస్తాది, చేయనీ, ఎఫ్1 కొట్టి లోపలికి పోదాం. అదే 1సి, అదే 0ఎఫ్, 00, 28. తర్వాత 08. జవాబు? 20, 28. అవతల డ్రైవే లేదు, అయినా 40వ ట్రాక్‌కు చేరుకున్యా అంటాంది!

ఇది చెడిపోయిన చిప్పు కాదు. గుత్తి కోట మెట్లు కళ్లు మూసుకుని లెక్కపెట్టుకుంటా ఎక్కినట్టు పని చేస్తాది ఇది. ఒక పల్సు పంపితే హెడ్డు ఒక ట్రాకు జరగల్ల. 40 పల్సులు పంపించింది, కాబట్టి 40లో ఉండానంటాది. హెడ్డు యాడుందో డ్రైవ్ నుంచి తెలిసే సంగతి ఒకటే ఒకటి: సున్నా ట్రాక్ సెన్సర్. మిగతాదంతా లెక్క మీద నమ్మకమే. పీసీ కార్డుల్లో, డ్రైవ్ తయారుగా ఉండాదా అని చెప్పే రెడీ సిగ్నల్‌ను కూడా ఎప్పుడూ రెడీ అన్నట్టు కట్టేసి పెట్టినారు, ఇంక అనుమానం యాడ నుంచి వస్తాది?

అందుకే రీకాలిబ్రేట్ అనే కమాండ్ ఉండాది, 07. సెన్సర్ తగిలేదాకా హెడ్డును వెనక్కి లాగు అని. కేబుల్ లేకుండా అది కొట్టి 08తో అడిగితే 70 వచ్చింది, అంటే పని కాలేదు అని. ఈసారి నిజం చెప్పింది, ఎందుకంటే సెన్సర్ పలకల్యా కదా.

కానీ దీంట్లోనే నాకు నచ్చని సంగతి ఒకటుంది. కేబుల్ మళ్లీ పెట్టి, 4ఎఫ్ అంటే 79వ ట్రాక్‌కు పంపించినా. ఇప్పుడు 07. మళ్లీ 70! డ్రైవ్ శుభ్రంగా ఉండాది, కేబుల్ గట్టిగా ఉండాది, అయినా తప్పంటాంది. ఈ చిప్పు వెనక్కి లాగేటప్పుడు 77 పల్సులకు మించి పంపదు. ఎనిమిది ఇంచీల ఫ్లాపీలకు ఉండేది 77 ట్రాకులే, వాటికి చాలు. మన మూడున్నర ఇంచీల దానికి 80. హెడ్డు రెండు ట్రాకుల ముందే ఆగిపోయింది. ఇంకోసారి 07 కొడతాండా... 20. వచ్చేసింది. డ్రైవర్ రాసేవాళ్లు రీకాలిబ్రేట్ రెండుసార్లు చేసేది ఇందుకే. తర్వాత వచ్చిన ఇంటెల్ 82077ఏఏ చిప్పులో 79 పల్సులు పెట్టినారు, ఈ తలనొప్పి పోయింది.

మరి చదివేటప్పుడు తప్పు ట్రాక్ చదివేస్తాదా అంటే, లేదు. రీడ్ కమాండ్‌కు తొమ్మిది బైట్లు ఇస్తాం, అందులో ఏ ట్రాకు, ఏ హెడ్డు, ఏ సెక్టరు అనేవి ఉంటాయి. డిస్కు మీద ప్రతి సెక్టరు ముందూ దాని నెంబర్ రాసుంటాది. దాంతో పోల్చి చూసి, కలవకపోతే దొరకలేదంటాది. మీకు హెడ్డు యాడుందో కావల్లంటే రీడ్ ఐడీ కొట్టండి, డిస్కే చెప్తాది. నేనైతే సీక్ జవాబును నమ్మను, దీన్నే నమ్ముతా.

డేటా వచ్చే వేగం గురించి ఒక్క ముక్క. 1.44 ఫ్లాపీలో 16 మైక్రోసెకండ్లకు ఒక బైటు వస్తాది. అంతలోపల డీఎంఏ, అంటే బైట్లను నేరుగా మెమరీకి చేర్చే చిప్పు, తీసుకోకపోతే ఓవర్‌రన్ (బైటు జారిపోయింది) అని రాసి చేతులు దులుపుకుంటాది.

కొనచ్చా? ఫైళ్లు కాపీ చేసుకునేదానికి వద్దప్పా, దానికి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ చాలు. కానీ అందులో ఈ కమాండ్లేవీ మన చేతికి రావు, కంట్రోలర్ ఆ డబ్బా లోపలే ఉండిపోతాది. 8086 ప్రాసెసర్ గురించి చదువుకుని ల్యాబ్‌లో కిట్టు మీద లైట్లు వెలిగించినోళ్లు మాత్రం తీసుకోండి. అంగట్లో చూసేటప్పుడు పెద్ద చిప్పు మీద 765 గానీ 8272 గానీ ఉందా చూసుకోండి. తర్వాత వచ్చిన బోర్డుల్లో దీన్ని సూపర్ ఐఓ అనే పెద్ద చిప్పు లోపల కలిపేసినారు, వాటిలో 79వ ట్రాక్ తమాషా మీకు కనపడకపోవచ్చు.